కోవా చేసిన చెయ్యి

రేగడిపాలెం పత్తి జిన్నింగ్ మిల్లులో కొత్త ఇంజనుకు పూజ జరిగిన నాడు కూలీలందరికీ పులిహోర, కోవా బిళ్లలు పంచారు. పొద్దు వాలకముందే మిల్లు ఆవరణంతా వాంతులు. పత్తి బోరాల మీద, మిర్చి కల్లాల పక్కన, బావి గట్టున, ఎక్కడివాళ్లక్కడ కడుపు పట్టుకుని పడిపోయారు. పెద్దవాళ్లు మర్నాటికి లేచి కూర్చున్నారు. మిల్లు యజమాని రోశయ్య కూతురు మల్లేశ్వరి, ఇంకా మాటలు పూర్తిగా రాని పిల్ల, లేవలేదు. చివర్లో ఆ పిల్లకు కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. అది చూసి ఎవరో ‘ఎండ్రిన్’ అన్నారు. పత్తికీ మిర్చికీ కొట్టే ఆ పురుగుమందు పేరు ఆ ఏడు ఊళ్లో అందరి నోళ్లలోనూ ఉంది. గోదాములో చూస్తే డబ్బా మూత తీసి ఉంది.

కోవా పళ్లేలు వంటింటి నుంచి షెడ్డుకు మోసినవాడు బుడాన్. కూలి పెంచమని రోశయ్యతో గొడవ పడ్డవాడూ బుడానే. “వాడు పళ్లేల మీద వంగి ఏదో చేస్తుంటే నేను చూశాను” అని రోశయ్య అక్క వెంకటేశ్వరమ్మ చెప్పింది. ఆ ఒక్క మాట మీద బుడాన్ ఊరి ఠాణాలో ఉన్నాడు.

ఊరి ఆస్పత్రి డాక్టర్ మొహిద్దీన్ బాషాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. పళ్లెంలో మిగిలిన కోవాను, జబ్బుపడ్డవాళ్లు కక్కినదాన్ని సీసాల్లో భద్రం చేసి గుంటూరు పట్టుకెళ్లాడు. ఇవాళ బస్సు దిగి ఆస్పత్రి వైపు తిరగకుండా, చేతిసంచీతో తిన్నగా రోశయ్య ఇంటికి, వెంకటేశ్వరమ్మ దగ్గరికి నడిచాడు.

ఆమె పెరటి వసారాలో పీట వేసుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్కనే గోనె పట్టా మీద కాయలు ఎర్రగా కుప్పగా ఉన్నాయి. ఇంట్లో పని చేసే పుల్లమ్మ అవతల గిన్నెలు తోముతోంది. మల్లేశ్వరి పోయిన దగ్గర్నుంచి వెంకటేశ్వరమ్మ ఊరికే కూర్చోవడం లేదు. ఏదో ఒక పని కల్పించుకుని చేస్తూనే ఉంది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. పిల్లల్లేరు. తమ్ముడి కూతుర్ని పొత్తిళ్లలో ఉన్నప్పుడే తన పక్కలో వేసుకుని పెంచింది.

“రా అల్లుడూ! ఎండన పడి వచ్చినట్టున్నావే. పుల్లమ్మా, మజ్జిగ తీసుకురా” అంది తల ఎత్తీ ఎత్తకుండానే.

బాషా తండ్రి మాబు సాహెబ్ ఆ ఇంటికి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తండ్రి వెంట వచ్చిన ప్రతిసారీ ఈ వసారాలోనే బాషా కడుపునిండా తిన్నాడు. అప్పటి నుంచీ ఆమె అత్తమ్మే, అతను అల్లుడే.

బాషా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చేతివంక చూశాడు. బొటనవేలు, నడిమివేలు కలిపి తొడిమ తుంచుతోంది. చూపుడువేలు మాత్రం కాయకు తగలకుండా నిటారుగా పైకెత్తి ఉంచింది. దానికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ రోజు మిల్లులో ఆమె పడిపోయిన కూలీల మధ్య తిరుగుతూ సెలైన్ సీసాలు పట్టుకున్నప్పుడు కూడా ఆ గుడ్డ ఉంది. అతను చూశాడు. చూసి, మరిచిపోయాడు. నిన్న గుంటూరులో సూక్ష్మదర్శిని మీదికి వంగి ఉన్నప్పుడు, ఉన్నట్టుండి అది కళ్లముందు మెదిలింది.

“వేలికేమైంది అత్తమ్మా?”

“గోరుచుట్టు. నిమ్మకాయ తొడిగాను, తగ్గినట్టే తగ్గి మళ్లీ చీము పట్టింది. దానికేంలే, పోతుంది.”

“ఎప్పట్నించి?”

“పూజకు ముందే లేచింది. ఆ హడావుడిలో చూసుకోలేదు.” కాయ తుంచి బుట్టలో వేసింది. “గుంటూరులో ఏమన్నారు? ఎండ్రినే కదూ?”

“కాదు.”

ఆమె చెయ్యి ఆగింది.

“కాదంటే?”

“చుక్క కూడా లేదు. రెండు మూడు రకాలుగా చూశారు. నేను దగ్గరుండే చూపించాను.”

“మరి పిల్లకు కాళ్లూ చేతులూ ఎందుకు కొట్టుకున్నాయి?”

“ఒంట్లో నీరంతా పోయింది అత్తమ్మా. అంత చిన్న ఒళ్లు. వాంతులు, విరేచనాలు, పైన ఎండ. ఎండ్రినే అయితే పెద్దవాళ్లలో కూడా పదిమందికైనా మూర్ఛలు రావాలి. ఒక్కరికీ రాలేదు. అందరికీ ఒకటే, పేగులు నోట్లోకొచ్చేంత వాంతులు.”

వెంకటేశ్వరమ్మ అతని కళ్లలోకి చూసింది. ఆమె ముఖం గట్టిపడింది.

“మీవాడని కాపాడుతున్నావా బాషా?”

‘అల్లుడూ’ అనలేదు. ‘బాషా’ అంది. అతనికి చెంప మీద కొట్టినట్టయింది. పుల్లమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, ఏమీ విననట్టు వెనక్కి వెళ్లిపోయింది.

“ఈ మాట ఊళ్లో ఎవరన్నా పడతాను” అన్నాడు బాషా. “నువ్వు మాత్రం అనకు.”

ఆమె తల దించుకుంది. “నోరు జారింది. ఏమనుకోకు. పిల్ల పోయాక నేను నేనుగా లేను. ఎవరో ఒకరు చెయ్యకుండా ఎట్లా పోతుంది అల్లుడూ? అప్పటిదాకా నా కొంగు పట్టుకు తిరిగింది.”

“అదే చెబుదామని వచ్చాను.”

చెబుదామని వచ్చాడు గానీ మాట రావడం లేదు. బస్సులో దారి పొడుగునా ఎన్నో రకాలుగా కూడబలుక్కున్నాడు. తీరా ఆమె ముందు కూర్చున్నాక అందులో ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

“ఊళ్లో ఇంటింటికీ తిరిగి అడిగాను. పులిహోర ఒక్కటే తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. రోశయ్యగారు చక్కెర జబ్బని కోవా ముట్టలేదు, ఆయన బాగానే ఉన్నాడు. కోవా తిన్నవాళ్లే పడ్డారు. ఎక్కువ తిన్నవాళ్లు ఎక్కువ పడ్డారు.”

“నాకు ఆ రోజు ఏకాదశి. నేను పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు” అంది ఆమె. తర్వాత నెమ్మదిగా, “పాలు చెడ్డవంటావా? మన గేదెల పాలే. నేనే దగ్గరుండి పిండించాను.”

“పాలు మంచివే. కోవాలో ఒక సూక్ష్మజీవి కనపడింది. సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే ద్రాక్షగుత్తుల్లా గుంపులు గుంపులుగా ఉంటుంది. సెగ్గడ్డల్లో, కురుపుల్లో, చీములో ఉండేది అదే.” బాషా చూపు ఆమె వేలి మీద ఆగింది. “గోరుచుట్టులో కూడా.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. చేతిలో మిరపకాయ పట్టుకుని అలాగే చూస్తోంది. తర్వాత చూపు తన వేలి మీదికి వెళ్లింది. మళ్లీ అతని మీదికి వచ్చింది.

“కోవా ఎప్పుడు చేశావత్తమ్మా?”

“ముందురోజు సాయంత్రం. చేత్తో మెదిపి, పళ్లేల్లో తీసి తడిగుడ్డ కప్పి వంటింట్లో పెట్టాను. రాత్రంతా ఉక్కపోతగా ఉంది, పులుస్తుందేమోనని పొద్దున మళ్లీ మూకుట్లో వేసి, పాలు పోసి తిప్పాను. కుతకుతా ఉడికింది అల్లుడూ. అంత మంట మీద ఏ పురుగు బతుకుతుంది?” ఆమె గొంతులో ఆశ పలికింది. “బతకదు కదా?”

“బతకదు. చస్తుంది.”

“మరింకేం!”

“చచ్చేలోపలే అది విషం వదిలిపెడుతుంది. రాత్రంతా వెచ్చగా ఉన్న కోవాలో కూర్చుని విషం చేసి పెట్టింది. తేలు కుట్టాక తేలును చంపితే ఎక్కిన విషం దిగుతుందా? ఇదీ అంతే. ఎంత ఉడికించినా ఆ విషం విరగదు. రుచి మారదు, వాసన రాదు. ఎవరికీ తెలియదు. నీకు తెలిసే అవకాశమే లేదు.”

వెంకటేశ్వరమ్మ చేతిలోని కాయను బుట్టలో వెయ్యబోయింది. అది కింద పడింది. తీయలేదు.

“పొద్దున బిళ్లలన్నీ కూడా నేనే ఒత్తాను” అంది. “ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. పుల్లమ్మ చేస్తానంటే కూడా వద్దన్నాను. మడితో చెయ్యాలి, దేవుడికి పెట్టేవి అన్నాను.”

బాషా కింద పడ్డ కాయను తీసి బుట్టలో వేశాడు.

“మల్లి నా పక్కనే కూర్చుంది. ఒకటి పెట్టాను. ఇంకోటని చెయ్యి చాపింది. వాళ్లమ్మ వద్దంటోంది, ఎక్కువైతే అరగదని. నేనే అరుగుతుందిలే, పిల్ల అడిగిందని పెట్టాను. ఇంకా పెట్టాను.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని బాషాకు అనిపించింది. వేలికి చుట్టిన గుడ్డ ముడి పళ్లతో లాగి విప్పింది. గోరు పక్కన చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. ఆ చేతిని అతని ముందుకు చాపింది.

“చూడు. ఇదేనా కాదా చూసి చెప్పు.”

“కంటికి తెలియదు. చీము తీసుకుని మళ్లీ గుంటూరు వెళ్లాలి. ఆ కోవాలో ఉన్నదీ ఇదీ ఒకటో కాదో అక్కడ పోల్చి చూస్తారు.”

“ఒకటి కాదని తేలొచ్చా?”

బాషా అబద్ధం చెప్పలేకపోయాడు, నిజమూ పూర్తిగా చెప్పలేకపోయాడు. “తేలొచ్చు. నాకైతే నమ్మకం లేదు.”

సంచీలోంచి స్పిరిట్ సీసా, సూది, దూది చుట్టిన పుల్ల తీశాడు. సూది దిగినప్పుడు ఆమె కదల్లేదు. చీము తీసుకున్న పుల్లను గాజుగొట్టంలో పెట్టి బిరడా బిగించాడు. వేలు శుభ్రం చేసి కొత్త గుడ్డ కట్టాడు. ఆ చెయ్యి తన అరచేతిలో ఉన్నంతసేపూ అతనికి వేరే రోజులు గుర్తొచ్చాయి. ఈ చేతితోనే అతనికి అన్నం పెట్టేది. తండ్రి పోయిన నాడు ఈ చేతితోనే తల నిమిరింది.

“అత్తమ్మా, ఒకటి అడుగుతాను. బుడాన్ పళ్లేల మీద వంగి ఏదో చేస్తుంటే చూశానన్నావు. ఏం చేస్తున్నాడు?”

ఆమె కొత్త కట్టు ముడిని తడిమి చూసుకుంది. పుల్లమ్మ తోముతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఈగలు తోలుతున్నాడు” అంది చివరికి. “భుజమ్మీద కండువా తీసి ఈగలు తోలి, పక్కకు జారిన గుడ్డ సర్దాడు. అంతే. ఇంకేమీ చెయ్యలేదు.”

“మరి...?”

“తమ్ముడు అడిగాడు, వాణ్ణి చూశావా అక్కా అని. చూశానన్నాను. ఏం చేస్తున్నాడన్నాడు. ఏదో చేస్తున్నాడన్నాను. అప్పుడు మల్లిని ఇంకా చాపమీదే పడుకోబెట్టి ఉంది. ఎవరో ఒకడు చేశాడంటే తప్ప నాకు ఊపిరాడేట్టు లేదు. ఈగలు తోలుతున్నాడని నోట్లోంచి రాలేదు అల్లుడూ. తెలిసే మింగాను.”

“ఎవరు ఏం మింగారు?”

వీధి గుమ్మం దాటి, ఇంట్లోంచి రోశయ్య వసారాలోకి వచ్చాడు. మిల్లు నుంచి వస్తున్నట్టున్నాడు, జుట్టు మీద దూది పింజలు అంటుకుని ఉన్నాయి. కూతురు పోయిన దగ్గర్నుంచి గడ్డం గీయించలేదు. అక్క ముఖం చూశాడు, బాషా చేతిలో గాజుగొట్టం చూశాడు.

ఎవరూ దాచలేదు. వెంకటేశ్వరమ్మే చెప్పింది. బాషా చెప్పినదంతా, తను చూసినదంతా, ఒక్కమాట తగ్గించకుండా. రోశయ్య నిలబడే విన్నాడు. విన్నాక మెల్లగా గోనె పట్టా అంచున కూలబడ్డాడు.

“ఇంకెవరికన్నా చెప్పావా డాక్టరూ?”

“లేదండి. ముందు అత్తమ్మకు చెప్పాలనుకున్నాను.”

“అయితే ఇక్కడితో ఆపెయ్యి.”

“బుడాన్ లాకప్‌లో ఉన్నాడండి.”

“ఉండనీ! వాడికి నేను ప్లీడర్ని పెడతాను. సాక్ష్యం చాల్లేదని కొన్నాళ్లకు వాళ్లే వదిలేస్తారు. వాడి పెళ్లాం జానీబీకి మిల్లులో పని ఇస్తాను. ఏం కావాలన్నా చేస్తాను.” రోశయ్య అక్క వైపు చెయ్యి చూపించాడు. “నా బిడ్డను మా అక్క చేజేతులా చంపుకుందని ఊళ్లో అనుకోవాలా? రేపు నా పెళ్లాం ఈవిడ మొహం ఎట్లా చూస్తుంది? ఈవిడ పెట్టిన అన్నం ఎట్లా తింటుంది? వాడు చేశాడనుకుంటే కోపం వచ్చేది బాషా. ఆ కోపంతోనే ఇన్నాళ్లూ లేచి తిరిగాను. ఇప్పుడు నేను ఎవరి మీద కోప్పడాలి?”

బాషా గాజుగొట్టాన్ని సంచీలో పెట్టుకున్నాడు.

వెంకటేశ్వరమ్మ లేచింది. చెంబులో మజ్జిగ అలాగే ఉంది. కాళ్ల మీద నీళ్లు పోసుకుని, కొంగు నిండుగా కప్పుకుంది.

“ఎక్కడికక్కా?”

“ఠాణాకి.”

“నా మాట విను. ఈ ఒక్కసారికీ విను.”

“నిన్ను నేనే పెంచాను రోశయ్యా. నువ్వు ఏమడిగినా కాదనలేదు. మల్లికీ కాదనలేదు.” ఆమె మెట్లు దిగింది. “ఇదొక్కటీ కాదంటున్నాను.”

ఊరి మధ్యనుంచి ఠాణాకు నడుస్తుంటే కల్లాల్లో మిర్చి ఎగదోస్తున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. వెంకటేశ్వరమ్మ ఇల్లు కదిలి బయటికొచ్చి చాలా రోజులైంది. వెనకాలే సంచీతో డాక్టరు. మిర్చి ఘాటుకు బాషాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆమె మాత్రం ఎవరి వైపూ చూడకుండా నడిచింది.

ఠాణా వరండాలో సబిన్‌స్పెక్టరు మాలకొండయ్య ఏవో కాగితాలు దారంతో కడుతున్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచాడు.

“మీరెందుకు వచ్చారమ్మా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా!”

“బుడాన్ ఏమీ చెయ్యలేదు. వాణ్ణి వదిలెయ్యండి. నేను చెప్పింది తప్పు.”

మాలకొండయ్య ఆమెనూ బాషానూ మార్చి మార్చి చూశాడు.

“అదేంటమ్మా! వాడు మధ్యాహ్నమే ఒప్పుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాడు?” అన్నాడు బాషా.

“తన చేతుల మీదుగానే విషం ఎక్కిందని. మేం వాడి ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు డాక్టరుగారూ. కావాలంటే చొక్కా విప్పించి చూసుకోండి. పొద్దుట్నుంచీ గోడకేసి తల బాదుకుంటూ వాడే పిలిచి చెప్పాడు.”

లాకప్ ఊచల వెనక బుడాన్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెంకటేశ్వరమ్మను చూడగానే లేచి, నిలబడలేక ఊచలు పట్టుకున్నాడు. నుదురు వాచి ఉంది.

“అమ్మా! నేను కావాలని చెయ్యలేదమ్మా. మీ కాళ్ల మీద ఒట్టు.”

“ఒరేయ్ బుడాన్...”

“నన్ను చెప్పనీయండి. ఆ పొద్దున ఆలస్యంగా వేసిన మిరపతోటకు ఎండ్రిన్ కొట్టి వచ్చాను. ఆ డబ్బా మూత తీసింది నేనే. పూజకు ఆలస్యమవుతోందని కాలవలో చేతులు ముంచి పరిగెత్తుకొచ్చాను. వాసన పోలేదు. ఆ చేతుల్తోనే పళ్లేలు మోశాను. దారిలో పాప ఎదురొచ్చి ఒకటి పెట్టమంది. ఈ చేత్తోనే తీసి దాని నోట్లో పెట్టాను.” చేతుల్ని ఊచల్లోంచి బయటికి చాపాడు. “ఇన్నాళ్లూ నాక్కూడా తట్టలేదమ్మా. రాత్రి తట్టింది. అప్పట్నుంచి కళ్లు మూస్తే పాపే.”

“కాదురా. నీ చేతుల్లో ఏమీ లేదు. కోవాలో ఎండ్రిన్ చుక్క కూడా లేదంట. చేసింది నా చెయ్యి.” వెంకటేశ్వరమ్మ కట్టు కట్టిన వేలు పైకెత్తింది. “ఈ పుండు. దీని విషమే నా చేతుల్తో కోవాలో కలిసింది. డాక్టరు చూసి వచ్చాడు.”

బుడాన్ ఆ వేలువంక చూశాడు, తల అడ్డంగా ఊపాడు. “గోరుచుట్టుకు మనుషులు చస్తారా అమ్మా? నా పిల్లల మీద జాలిపడి చెబుతున్నారు. వద్దమ్మా.”

“జాలి కాదురా!” అంది ఆమె. ఇంటి దగ్గర రాని ఏడుపు ఇక్కడ వచ్చింది. ఊచల్లోంచి చాచి ఉన్న ఆ రెండు చేతులనూ పట్టుకుంది. ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చూడని సంగతి అది. మాలకొండయ్య ఇబ్బందిగా మొహం తిప్పుకున్నాడు.

బాషా అతన్ని పక్కకు పిలిచి కోవా సంగతి, గుంటూరులో చూసిన సంగతి చెబుతుండగా బయట కారు ఆగింది. రోశయ్య దిగాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అక్కవైపు చూడకుండా తిన్నగా మాలకొండయ్య దగ్గరికి వెళ్లాడు.

“మా అక్క ఏం చెప్పిందో నాకు తెలుసండి. అదేమీ పట్టించుకోవద్దు. పిల్ల పోయినప్పట్నించీ ఆవిడకు మతి స్థిమితం లేదు. తిండి లేదు, నిద్ర లేదు. నేనే చంపానని గోడలకు చెబుతోంది.” తర్వాత బాషా భుజం మీద చెయ్యి వేశాడు. మాట చాలా మెత్తగా వచ్చింది. “డాక్టరుగారే దగ్గరుండి చూస్తున్నారు. మద్రాసు తీసుకెళ్లి పెద్ద డాక్టర్లకు చూపించమన్నారు. కదూ బాషా?”

మాలకొండయ్య ఒకవైపు ఒప్పుకున్న ముద్దాయినీ, ఇంకోవైపు ఏడుస్తున్న పెద్దావిడనూ చూశాడు. ఏదో ఒకటి తేల్చేస్తే బతికిపోతానన్నట్టుంది అతని ముఖం.

“మీరే చెప్పండి డాక్టరుగారూ. ఈవిడకు మతి స్థిమితం ఉందా, లేదా?”

భుజం మీద రోశయ్య చెయ్యి బిగుసుకుంది. స్థిమితం లేదని చెబితే ఆమె ఏ నిందా పడకుండా ఆ ఇంట్లో బతకొచ్చు, బుడాన్ మాత్రం ఊచల వెనకే ఉంటాడు. ఉందని చెబితే ఈ సాయంత్రానికి ఊరు ఊరంతా ఆమె గడపముందు ఉంటుంది. సంచీలోని గాజుగొట్టం ఇంకా గుంటూరు చేరలేదు. అది ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు.

వెంకటేశ్వరమ్మ బుడాన్ చేతులు వదల్లేదు. తల మాత్రం ఇటు తిప్పింది.

“చెప్పు అల్లుడూ” అంది.